పందెం కాసిన ఆటగాణ్ని క్షమిద్దాం సరే, సన్మానం కూడా చేయాలా?

స్కోర్‌పుస్తకం అడిగిన ప్రశ్న:

లీగ్ క్రికెట్‌లో పదహారేళ్లుగా స్కోరర్‌గా కూర్చుంటున్నాను. నన్ను నెల రోజులుగా తినేస్తున్న విషయం ఒకటుంది.

మా లీగ్‌లో ఒక ఎడమచేతి స్పిన్నర్ ఉన్నాడు. పేరు చెప్పను. తను ఆడుతున్న మ్యాచ్ మీదే బుకీ దగ్గర డబ్బు పెట్టి దొరికాడు. అడిగిన రోజే ఒప్పుకున్నాడు. రెండేళ్లు ఆడనివ్వలేదు, ఆ గడువు ఈమధ్యే తీరింది. ఇప్పుడు వార్షికోత్సవంలో అతనికి సన్మానం చేద్దామని కమిటీ అనుకుంటోంది. జ్ఞాపిక మీద చెక్కించడానికి అతని వికెట్ల లెక్క రాసిమ్మని నన్ను అడిగారు. లెక్క తీయడం గంట పని. పుస్తకాలు ముందేసుకుని మూడు ఆదివారాలు కూర్చున్నాను, చేయి ఆడలేదు.

అప్పుడే పీట్ రోజ్ గురించి చదవడం మొదలుపెట్టాను. బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం చెబుతాను. అమెరికా మేజర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ హిట్లు (బంతి కొట్టి కనీసం ఫస్ట్ బేస్ దాకా చేరడం), 4,256, ఆయన పేరు మీదే ఉన్నాయి. 1985 సెప్టెంబరు 11న టై కాబ్ రికార్డు దాటిన హిట్ వీడియో చాలాసార్లు చూశాను. కొట్టి ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డాడు. స్టేడియం అంతా లేచి చప్పట్లు కొడుతోంది, ఎంతకీ ఆపడం లేదు. ఏం చేయాలో తోచక పక్కనున్న కోచ్ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు. కొడుకు వచ్చి వాటేసుకున్నాడు. అప్పటికి ఆయనకి 44 ఏళ్లు. సిన్సినాటి రెడ్స్‌ జట్టుకి ఆటగాడూ ఆయనే, మ్యాచ్‌లో జట్టుని నడిపే మేనేజరూ ఆయనే.

నాలుగేళ్లు తిరక్కుండానే, 1989 ఆగస్టు 24న శాశ్వత నిషేధం పడింది. మేనేజర్‌గా ఉంటూ సొంత జట్టు మ్యాచ్‌ల మీద పందేలు కాశాడని లీగ్ తరఫున విచారణ చేసిన జాన్ డౌడ్ నివేదిక తేల్చింది. ఒక్క 1987లోనే 52 మ్యాచ్‌లు. పదిహేనేళ్లు కాదు కాదన్నాడు. 2004లో ఒప్పుకున్నాడు, కానీ ఎప్పుడూ మా జట్టు గెలుస్తుందనే కాశానన్నాడు. 2024 సెప్టెంబరు 30న పోయాడు. 2025 మేలో మేజర్ లీగ్ పెద్ద, కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్, మనిషి పోవడంతోనే శాశ్వత నిషేధం కూడా ముగుస్తుందని నిర్ణయించి, రోజ్‌తో సహా చనిపోయిన 17 మంది పేర్లు నిషేధం పడ్డవాళ్ల జాబితా నుంచి తీసేశారు. 2027 డిసెంబరులో కూర్చునే 16 మంది కమిటీ ముందుకు ఆయన పేరు వచ్చి, 12 ఓట్లు పడితే, గొప్ప ఆటగాళ్లని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఫలకం పెడతారు.

మీరు ఆ కమిటీలో ఉంటే ఓటు వేస్తారా? మా స్పిన్నర్ విషయంలో మీరైతే ఏం చేస్తారు?

గల్లీ_పాయింట్:

నేను వేస్తానండీ, సందేహమే లేదు. ఎందుకో చెబుతాను.

1981 హెడింగ్లీ టెస్టు గుర్తుందా? ఇంగ్లండ్ ఫాలోఆన్ ఆడుతోంది. ఇంగ్లండ్ గెలుస్తుందంటే ఒకటికి ఐదొందలు ఇస్తామని బుకీల రేటు, అది గ్రౌండ్ స్కోర్‌బోర్డు మీదే కనిపించింది. ఆస్ట్రేలియా జట్టులో ఆడుతున్న డెన్నిస్ లిల్లీ పది పౌండ్లు, రాడ్ మార్ష్ ఐదు పౌండ్లు పెట్టారు. అంటే సొంత జట్టు ఓడిపోతుందని. ఆస్ట్రేలియా నిజంగానే 18 పరుగుల తేడాతో ఓడింది. వాళ్లు కావాలని ఓడారని నేను అనడం లేదు, ఆ మ్యాచ్ చూసినవాడెవడూ అనడు. కానీ డబ్బు తీసుకున్నారు కదా! శిక్ష లేదు. ఇద్దరూ ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు.

ఆస్ట్రేలియా ఆటగాళ్లు షేన్ వార్న్, మార్క్ వా సంగతి చూడండి. 1994లో ఒక బుకీ దగ్గర డబ్బు తీసుకుని పిచ్ గురించీ వాతావరణం గురించీ చెప్పారు. బోర్డు గుట్టుగా జరిమానా వేసి ఊరుకుంది. జనానికి తెలిసింది 1998లో. ఇవాళ మెల్‌బోర్న్‌లో వార్న్ పేరుతో ఒక స్టాండే ఉంది. నేను వార్న్ అభిమానిని, ఆ స్టాండ్ ఉండాల్సిందే అంటాను. మరి రోజ్‌కి ఒక ఫలకం ఎందుకు ఉండకూడదు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాల్ హోర్నంగ్, అలెక్స్ కర్రాస్ పందేలు కాసి 1963 సీజన్ మొత్తం బయట కూర్చున్నారు. మళ్లీ వచ్చి ఆడారు. హోర్నంగ్‌ని 1986లోనే వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. కర్రాస్‌ని మాత్రం 2020లో, ఆయన చనిపోయిన ఎనిమిదేళ్లకి. తప్పు చేశారు, శిక్ష అనుభవించారు, అయిపోయింది. మీ కుర్రాడు కూడా అంతే. రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాడు, ఇంకా ఎన్నాళ్లు ఏడిపిస్తారు?

అన్నకి_తమ్ముడు:

గల్లీ_పాయింట్ గారూ, మీ మాటలో న్యాయం ఉంది. కానీ ‘మా జట్టు గెలుస్తుందనే కాశాను’ అన్న వాదన నాకు ఎప్పుడూ మింగుడు పడదు. మా అన్నయ్య బెట్టింగ్‌లో పడి లేచినవాడు కాబట్టి లోపలి సంగతి కొంత తెలుసు.

మేనేజర్ ఇవాళ తన జట్టు మీద కాశాడు, రేపు కాయలేదు అనుకోండి. కాయని రోజే బుకీకి పెద్ద సమాచారం. రేపటి మ్యాచ్ మీద ఆయనకే నమ్మకం లేదని తెలిసిపోతుంది. నోరు విప్పి ఏమీ చెప్పక్కర్లేదు. ఇంకొకటి, డబ్బు పెట్టిన రోజు మంచి పిచర్ (మన బౌలర్ లాంటివాడు) అలసిపోయినా ఇంకాసేపు వేయించాలనిపిస్తుంది. ఆ చేయి దెబ్బతింటే నష్టం వచ్చే నెల తెలుస్తుంది, పందెం మాత్రం ఈ రాత్రికే తేలాలి. అన్నిటికంటే భయంకరమైనది అప్పు. బుకీకి బాకీ పడ్డ మనిషిని బుకీ ఒకరోజు ‘ఈ ఒక్కసారికి’ అంటాడు. అడిగాడా లేదా అన్నది తర్వాత, అడగగలిగే చోట నువ్వు నిలబడ్డావు కదా. లిల్లీ, మార్ష్ ఒక్కసారి పది, ఐదు పౌండ్లు పెట్టడం వేరు, జట్టు పగ్గాలు చేతిలో పెట్టుకుని సీజన్ పొడుగునా కాయడం వేరు.

మా అన్నయ్య ఆటగాడు కాదు, మామూలు ఉద్యోగి. ఇద్దరం పక్కపక్కన కూర్చుని మ్యాచ్ చూసేవాళ్లం. ఒకప్పుడు సిక్స్ పడితే సోఫా మీంచి లేచి గంతేసేవాడు. తర్వాత తర్వాత సిక్స్ పడ్డా కదిలేవాడు కాదు. కళ్లు టీవీ మీద, బొటనవేలు ఫోన్ మీద. పెదవులు మాత్రం కదిలేవి, ఏదో కూడుకుంటున్నట్టు. మన జట్టు గెలిచిన రోజు కూడా అన్నం తినకుండా పడుకునేవాడు. చివరికి అమ్మ దగ్గర కూర్చుని ఎంత బాకీ ఉందో కాగితం మీద మొత్తం రాశాడు. ఆ రాత్రే మేం క్షమించేశాం. కానీ ఇంటి డబ్బు వ్యవహారం మళ్లీ అన్నయ్య చేతికి ఇవ్వడానికి చాలా ఏళ్లు పట్టింది. అది కోపంతో కాదు. అన్నయ్యే ‘ఇప్పుడే ఇవ్వకండి’ అన్నాడు.

రోజ్ ఆ కాగితం ఎప్పుడూ పూర్తిగా రాయలేదు. 2004లో ఒప్పుకున్నది మేనేజర్‌గా కాసిన సంగతే. 1986లో ఆటగాడిగా ఉన్నప్పుడు కూడా కాశాడని 2015లో ఒక నోట్‌బుక్ పేజీల వల్ల బయటపడింది. ‘బేస్‌బాల్ మీద పందెం కాసినందుకు క్షమించండి’ అని బంతుల మీద రాసి, సంతకం పెట్టి, అవి కూడా అమ్మాడు. నాకు ఆయన మీద జాలే కలుగుతుంది. ఓటు మాత్రం వేయలేను.

స్కోర్‌పుస్తకం:

అన్నకి_తమ్ముడు గారూ, మీ అన్నయ్య ‘ఇప్పుడే ఇవ్వకండి’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నాకు ఇంకో మ్యాచ్ గుర్తొచ్చింది. 2010 ఆగస్టు, లార్డ్స్. పాకిస్తాన్ పేస్ బౌలర్ మహమ్మద్ ఆమిర్ వయసు 18. ఇంగ్లండ్ ఇన్నింగ్స్‌లో 84 పరుగులకి 6 వికెట్లు తీశాడు. అదే ఇన్నింగ్స్‌లో డబ్బు కోసం రెండు నోబాల్స్ వేశాడు, పాదం గీత దాటి ఎంతో ముందుకు పడింది. మేం నోబాల్‌కి పుస్తకంలో చిన్న సున్నా చుడతాం. ఆ రోజు లార్డ్స్ స్కోరర్ కూడా ఏ అనుమానమూ లేకుండా అలాగే చుట్టి ఉంటాడు. మా బతుకంతా నమ్మకం మీదే నడుస్తుంది సార్. గీత దాటితే కాలు జారిందనే అనుకుంటాం, కావాలని దాటాడని రాసే గుర్తు మా దగ్గర లేదు.

ఆమిర్ జైలుకి వెళ్లాడు, ఐదేళ్లు నిషేధం అనుభవించాడు, మళ్లీ వచ్చాడు. 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో రోహిత్, కోహ్లీ, ధావన్ ముగ్గుర్నీ తీసి మనల్ని కూల్చేశాడు. ఆ రోజు నాకు కడుపు మండింది కానీ అతను ఆడకూడదని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆడనివ్వడం వరకు నాకు ఏ గొడవా లేదు. పూలదండ దగ్గరే చేయి ఆగుతోంది.

మణికట్టు_అభిమాని:

నాది వేరే బాధ. అజారుద్దీన్ మణికట్టు చూసి క్రికెట్ ప్రేమించినవాణ్ని. 2000 డిసెంబరులో జీవితకాల నిషేధం అన్నప్పుడు గోడ మీది ఫొటో తీసేశాను. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పటికి పన్నెండేళ్లు పోయాయి, ఆయన 99 టెస్టుల దగ్గరే ఆగిపోయారు. 2019లో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌కి అధ్యక్షుడయ్యారు. ఫొటో మళ్లీ పెట్టాలా వద్దా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. నేననేది ఒకటే, విచారణ సరిగ్గా జరగకపోతే క్షమించడానికీ ఉండదు, తప్పు పట్టడానికీ ఉండదు. అభిమాని మధ్యలో వేలాడతాడు.

పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు ‘షూలెస్’ జో జాక్సన్‌ది కూడా ఇలాంటి చిక్కే. 1919 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఓడిపోవడానికి ఐదు వేల డాలర్లు తీసుకున్నాడు. అదే సిరీస్‌లో 12 హిట్లు కొట్టాడు. 1921లో జ్యూరీ వదిలేసినా, కమిషనర్ లాండిస్ ఆ మర్నాడే శాశ్వతంగా బయటికి పంపాడు. 1951లో పోయాడు. ఆయన్నీ జాబితా నుంచి తీసింది 2025లోనే. పోయాక తీసిన నిషేధం ఆ మనిషికి ఏం ఒరగబెడుతుంది చెప్పండి. మీ స్పిన్నర్ బతికి ఉన్నాడు, ఎదురుగా ఉన్నాడు. అతన్నే అడగండి.

స్కోర్‌పుస్తకం:

అడిగాను. నిన్న సాయంత్రం నెట్స్ దగ్గర కలిశాడు. జ్ఞాపిక సంగతి చెప్పగానే మొహం ఎర్రబడింది. ‘సార్, స్టేజీ మీదికి పిలిస్తే కింద కూర్చున్నవాళ్లు ఏం అనుకుంటారో నాకు తెలుసు. పిల్లలు కూడా ఉంటారు’ అన్నాడు. ఇంకేం అనలేదు, బంతి తీసుకుని మళ్లీ బౌలింగ్‌కి వెళ్లిపోయాడు.

రాత్రి కూర్చుని కమిటీకి ఉత్తరం రాశాను. అతని వికెట్లు 212, ఒక్కటి కూడా తగ్గించి రాయలేదు. ఆడని రెండు సీజన్లకి ఎదురుగా ‘నిషేధం’ అని రాశాను, ఖాళీగా వదల్లేదు. ఈ ఏడాది సన్మానం వద్దన్నాను. దానికి బదులు సీజన్ మొదట్లో కుర్రాళ్లందరినీ కూర్చోబెట్టినప్పుడు, అతను ఒప్పుకుంటే, బుకీ మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఏం మాట్లాడాడో అతని నోటితోనే చెప్పించమన్నాను. రోజ్ విషయంలో కూడా నా మాట అదే. 4,256 ఎక్కడ రాసి ఉందో అక్కడే ఉండాలి, పక్కనే 1989 కూడా ఉండాలి. నాకే ఓటు ఉంటే ఫలకానికి వేయను. గల్లీ_పాయింట్ గారూ, వార్న్ స్టాండ్ గురించి మీరడిగినదానికి నా దగ్గర సరైన జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను.

కమిటీ నుంచి ఇంకా జవాబు రాలేదు. ఆదివారం మ్యాచ్ ఉంది. జట్ల పేర్లు ఇవాళే ఎక్కించాను, అతని పేరు తొమ్మిదో నంబరు దగ్గర రాశాను.