ముగ్గురు చిన్నపిల్లలతో తిరుపతి నుంచి డల్లాస్‌కు: ఇల్లు, కారు సీట్లు, టీకాలు, జ్వరాలు

ప్రశ్న (తిరుపతి, భవానీ నగర్)

అందరికీ నమస్కారం. మా ఆయన డల్లాస్ దగ్గర ఉద్యోగంలో చేరారు. జులైలో నేను పిల్లల్ని తీసుకొని వస్తున్నాను. పెద్దోడికి అయిదున్నర, పాపకు నాలుగు నిండాయి, చిన్నోడికి ఎనిమిది నెలలు. ఇక్కడ అమ్మ, అత్తమ్మ, పనిమనిషి ఉండి కూడా సాయంత్రానికి ప్రాణం పోతోంది. అక్కడ ఒక్కదాన్నే ఎట్లా నెట్టుకురావాలి? ఇల్లు ఇంకా తీసుకోలేదు. కారు ఒకటే, అది ఆయన ఆఫీసుకు పోతుంది.

జవాబు (చిత్తూరు గ్రీమ్స్‌పేట, ఇప్పుడు ఫ్రిస్కో)

చెల్లెమ్మా, ఇల్లు తీసుకోకపోవడమే మంచిదైంది. అద్దె కాస్త తక్కువని దూరంగా తీసుకుంటే రోజూ పొద్దున్నే దాని బాకీ మీరే తీర్చాలి. మీవారికి మూడే చెప్పండి: ఎలిమెంటరీ స్కూలుకు నడిచిపోయే దూరం, కింది అంతస్తు, వాషింగ్ మిషనూ డ్రయ్యరూ ఇంట్లోనే. స్కూలు రెండు మైళ్ళ లోపుంటే సాధారణంగా బస్సు రాదు. కాబట్టి మైలున్నర దూరం అన్నిటికంటే చెడ్డది. బస్సూ ఉండదు, ఎండలో ముగ్గుర్నీ నడిపించనూ లేరు. ఇంకోటి, స్కూలు గోడ పక్కనే ఉన్నా మీ అడ్రసు దాని కిందికి వస్తుందని నమ్మకం లేదు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే స్కూల్ డిస్ట్రిక్టు వెబ్‌సైటులో అడ్రసు కొట్టి చూడమనండి.

టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్, నాలుగు నిండితే ప్రీ-కే, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు క్లాసు. ప్రీ-కే అందరికీ ఉచితం కాదు గానీ, ఇంగ్లీషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని బిడ్డకు ఉచితమే. ఇంట్లో ఏ భాష అని ఫారంలో అడుగుతారు, ఉన్నదున్నట్టు తెలుగు అని రాయండి. మనవాళ్ళు కొందరు పరువుకు పోయి ఇంగ్లీషు అని రాసేసి, ఆనక నెలనెలా ప్రైవేటు డేకేర్‌కు కట్టుకుంటారు. ప్రీ-కే ప్రతి స్కూల్లోనూ ఉండదు. ఇద్దరూ ఒకే బడిలో పడే ఇల్లు దొరికితే మీ పొద్దుటి పని సగానికి సగం తగ్గినట్టే.

జవాబు (శ్రీకాళహస్తి, ఇప్పుడు ఇర్వింగ్)

కారు సీట్లు అక్కడ కొనొద్దండి. ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 213 అనే అమెరికా ప్రభుత్వ భద్రతా ప్రమాణానికి తయారైనట్టు లేబులు లేనిది ఇక్కడ చెల్లదు. ఎనిమిదేళ్ళ లోపు, 4 అడుగుల 9 అంగుళాల కంటే పొట్టిగా ఉన్న ప్రతి బిడ్డకూ టెక్సస్‌లో సీటు తప్పనిసరి. సెడాన్ వెనక మూడు పట్టాలంటే ఒక్కోటి 17 అంగుళాల వెడల్పు దాటకూడదు. అంగడిలో చూసి కాదు, మీ కారులో పెట్టి చూసి కొనండి.

చిన్నోడిది వెనక్కి తిరిగిన సీటు. పాపది ముందుకు తిరిగినది, పైన టెథర్ (సీటు పైభాగాన్ని కారుకు బిగించే పట్టీ) తగిలించాలి. పెద్దోడికి అప్పుడే బూస్టర్ (కారు బెల్టే పెట్టుకునే ఎత్తు సీటు) వద్దు. మూడు సీట్లు ఇరుక్కుంటే బెల్టు బకిల్ పక్క సీటు కింద దాక్కుంటుంది, రోజూ వేళ్ళు దూర్చి వెతకాలి. పట్టీల సీటైతే ఒకసారి బిగించి వదిలెయ్యొచ్చు, వాడే ఎక్కి కూర్చుంటాడు, మీరు క్లిప్పు పెడితే సరి. చాలా సీట్లు 65 పౌండ్ల దాకా పనికొస్తాయి.

బెల్టు దూరే చోట పట్టుకొని ఊపితే సీటు అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత చిక్కకూడదు. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. వెనక్కి తిరిగినవాడికి పట్టీ భుజానికి సమంగా లేదా కింది నుంచి, ముందుకు తిరిగినవాళ్ళకు సమంగా లేదా పై నుంచి రావాలి. చలికాలం లావు జాకెట్ మీద పట్టీ కట్టకండి. గుద్దుకున్నప్పుడు లోపలి దూది అణిగిపోయి పట్టీ వదులైపోతుంది. జాకెట్ తీసి కట్టి, పైన కప్పండి.

ఎక్కించేటప్పుడు నడిచేవాళ్ళు ముందు, చిన్నోడు చివర. దించేటప్పుడు తిరగేయండి: ముందు స్ట్రోలర్, అందులో చిన్నోడు, ఆ తర్వాత ఒక్కొక్కరు, చెయ్యి స్ట్రోలర్ మీదే. ఏడేళ్ళ లోపు బిడ్డను 14 ఏళ్ళు నిండిన తోడు లేకుండా కారులో అయిదు నిమిషాలు మించి వదిలితే టెక్సస్‌లో నేరం. ఇక్కడి ఎండకు ఆ అయిదు నిమిషాలూ వద్దు. సరుకులు కారు దగ్గరికే తెచ్చిచ్చే పికప్ పెట్టుకోండి.

జవాబు (పుత్తూరు, ఇప్పుడు ప్లేనో)

టీకాల కార్డులో ప్రతి డోసుకూ తేదీ, టీకా పేరు, డాక్టరు సంతకం ఉండేట్టు చూసుకోండి. తొమ్మిదో నెలలో వేసిన ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) ఇక్కడ లెక్కకు రాదు. కిండర్‌గార్టెన్‌కు మొదటి పుట్టినరోజు తర్వాత వేసిన ఎంఎంఆర్ రెండు డోసులు కావాలి, ఎంఆర్‌లో గవదబిళ్ళల టీకా ఉండదు. ఆటలమ్మవి రెండు, హెపటైటిస్ ఏ రెండు. ఇవి మన ప్రభుత్వ షెడ్యూల్లో లేవు. 2016 ఏప్రిల్ తర్వాత వేసిన పోలియో చుక్కల్నీ లెక్కపెట్టరు, సూదినే చూస్తారు. తిరుపతిలో ఉండగానే పిల్లల డాక్టర్ని అడిగి, పెద్దవాళ్ళిద్దరికీ లోటున్న ఎంఎంఆర్, ఆటలమ్మ ఒకే రోజు వేయించండి. ఒకే రోజు కుదరకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి, అప్పుడు మీ ప్రయాణం మీద పడుతుంది. తర్వాతి డోసులు వరసలో ఉంటే స్కూలు తాత్కాలికంగా చేర్చుకుంటుంది.

బడి మొదలైన మొదటి చలికాలం ఒకరి జలుబు ముగ్గురికీ తిరుగుతుంది. జ్వరం మందు దగ్గరే అసలు ప్రమాదం. మన పారాసిటమాల్ చుక్కల మందు ఎక్కువగా మిల్లీలీటరుకు 100 మి.గ్రా. ఇక్కడి పిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లకు 160 మి.గ్రా. ఎనిమిది కేజీల బిడ్డకు ఇక్కడి సిరప్ 2.5 మిల్లీలీటర్లు పోస్తే 80 మి.గ్రా. సరిపోతుంది. అదే కొలత మన చుక్కల మందు పోస్తే 250 మి.గ్రా., మూడింతలు. ఇంట్లో ఒక్క రకమే ఉంచండి. కేజీకి 10 నుంచి 15 మి.గ్రా., డోసుకూ డోసుకూ కనీసం నాలుగు గంటలు, రోజుకు అయిదు మించకూడదు. ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఎవరికి, ఎన్నింటికి, ఎంత అని రాయండి. రాత్రి రెండింటికి నువ్వు పోశావా నేను పోశానా అన్న ప్రశ్న రాకూడదు. జ్వరం ఉంటే బడికి పంపకూడదు. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే మళ్ళీ రానిస్తారు.

జవాబు (పలమనేరు, కోడలి ఇంట్లో ఉంటున్న పెద్దావిడ)

అమ్మా, మీ అత్తమ్మ నన్ను తిట్టుకున్నా పర్వాలేదు, చెప్తా. ఏడాది నిండే దాకా తేనె నాకించొద్దు, అందులో పసిపేగుకు పడని విషక్రిమి ఉండొచ్చు. చీర ఉయ్యాల, దిండు, దుప్పటి వద్దు, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. కాటుకలో సీసం ఉంటుందని ఇక్కడి డాక్టర్లు భయపెడతారు, ఉత్తినే కాదు. దిష్టికని కంట్లోనే పెట్టాలా?

పిల్లోడికి రాగిజావ ఇంట్లో ఎట్లా చేస్తారో ఇక్కడా అంతే, పిండి తెచ్చుకోండి, దిగినాక కస్టమ్స్ వాళ్ళు అడిగితే దాచకుండా చెప్పండి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు మాత్రం పట్టుకుంటారు. చెనిక్కాయల ఊరిబిండి బడి డబ్బాలో పెట్టే ముందు టీచర్ని అడగండి, కొన్ని క్లాసుల్లో అసలు రానివ్వరు. ద్రాక్షపండ్లు నిలువుగా నాలుగు ముక్కలు చెయ్యండి, గుండ్రంగా ఉంటే గొంతుకు అడ్డం పడతాయి.

అమ్మనూ అత్తమ్మనూ ఒకేసారి రప్పించొద్దు. విజిటర్ వీసా మీద వచ్చినోళ్ళకు మామూలుగా ఆరు నెలలే ఇస్తారు. ఒకరు పోయినాక ఒకరొస్తే ఏడాదంతా ఇంట్లో పెద్దదిక్కు ఉంటుంది.

ప్రశ్న అడిగినావిడ

అందరికీ దండాలు. ఇక్కడి మిక్సీ తెచ్చుకోవచ్చా?

జవాబు (శ్రీకాళహస్తి, ఇప్పుడు ఇర్వింగ్)

వద్దు. మనది 230 వోల్టులు, ఇక్కడిది 120. తిరుగుతుంది గానీ మినప్పప్పు నలగదు. 110 లేదా 120 వోల్టులదని రాసి ఉన్నదే కొనండి. పిండి పులియకపోతే ఓవెన్‌లో పెట్టి లైటు ఒక్కటే వేసి రాత్రంతా వదిలెయ్యండి. ఓవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని చీటీ అంటించండి, లేకపోతే పొద్దున్నే మీవారు పిజ్జా కోసమని వేడి పెట్టేస్తారు.