సమస్యాపూరణం: “తలుపు మూసినంత దారి దొరికె”

ఈసారి సమస్య కమాండ్ లైన్ (ఆజ్ఞలు టైప్ చేసి కంప్యూటర్‌తో పనిచేయించే తెర) వాడేవాళ్ళకు. ఛందస్సు ఆటవెలది, నాలుగో పాదం ఇది:

తలుపు మూసినంత దారి దొరికె

తలుపు మూస్తే దారి దొరకడమేమిటన్నదే చిక్కు. టీమంతా కలిసి వాడే సర్వర్ మీదో, టూల్ మీదో సెటప్ చేసుకుంటుంటే వచ్చే ఎర్రర్‌తో దీన్ని విప్పాలి. షరతు ఒక్కటే: పద్యంలో చెప్పిన చికిత్స నిజంగా పనిచెయ్యాలి. గణాలు, యతి కుదిరినా కమాండ్ తప్పయితే పూరణ కుదిరినట్టు కాదు.

మొదటి పూరణ (కొత్తగా చేరిన తమ్ముడు)

కొత్త సరకు దించి కూర్చి పెట్టిన గూడ
పిలుపు తెలియదంచు బెదరగొట్టె
పాత తెరకు నెట్లు బాట తెలియునయ్య!
తలుపు మూసినంత దారి దొరికె

“టూల్ ఫోల్డర్‌ను పాత్‌లో (కమాండ్ల కోసం కంప్యూటర్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చాక కూడా ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటోందండీ. టెర్మినల్ మూసి మళ్ళీ తెరిస్తే పలికింది.”

పృచ్ఛకుడు: బాగుంది తమ్ముడూ. షెల్ (టెర్మినల్లో మన కమాండ్లు అందుకునే ప్రోగ్రామ్) మొదలయ్యేటప్పుడే పాత్‌ను పట్టుకుంటుంది. ఆ తర్వాత మనం సెట్టింగ్స్ ఫైల్లో ఏం రాసినా దానికి తెలియదు. నీ మూడో పాదం సరిగ్గా ఆ కారణమే చెప్పింది. కానీ తెరకు తలుపెక్కడిది? “పాత కిటికి కెట్లు” అను. గణం చెడదు, యతి పోదు, కిటికీకి తలుపూ ఉంటుంది.

ఒక సభ్యుడు: బాష్ అనే షెల్ సెట్టింగ్స్ ఫైల్‌ను సోర్స్ చేస్తే, అంటే అదే టెర్మినల్లో మళ్ళీ చదివిస్తే, మూయకుండానే పనవుతుంది కదా?

పృచ్ఛకుడు: బాష్‌లో అవుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో పాత్ మారిస్తే అప్పటికే తెరిచి ఉన్న కిటికీకి అందదు. అక్కడ మూసి తెరవడమే తేలిక. పూరణ నిలుస్తుంది.

రెండో పూరణ (లెక్చరర్ అక్కయ్య)

గుట్టు చెవిని గాంచ గుంపుకు వీలుంచ
ద్వారపాలు డాపె దరికి రాగ
ఆరు సున్న సున్న యని చెప్పి గడెవేసి
తలుపు మూసినంత దారి దొరికె

పృచ్ఛకుడు: అక్కయ్యా, “గుంపు” అన్న మాటకు నమస్కారం. ప్రైవేట్ కీ అంటే సర్వర్‌లోకి వెళ్ళేందుకు మన దగ్గరుండే రహస్య తాళంచెవి. ఆ ఫైలుకు హక్కుల అంకె 644 ఉంటే యజమానితో పాటు గ్రూపూ, తక్కినవాళ్ళూ చదవగలరు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌లోకి భద్రంగా ప్రవేశించే ప్రోగ్రామ్) దాన్ని ముట్టుకోదు. చ్‌మోడ్ (హక్కులు మార్చే కమాండ్) 600 అంటే యజమాని తప్ప మామూలు వాడుకరులెవరూ చదవలేరు, అప్పుడే లోపలికి పోనిస్తుంది. సమస్యలోని వైరుధ్యం పూర్తిగా విడిపోయింది.

అయితే ద్వారపాలుడు ఆపాడనడం తప్పు. సర్వర్ దాకా ఆ కీ వెళ్ళనే వెళ్ళదు. “పర్మిషన్స్ ఆర్ టూ ఓపెన్” అని ఆపేది మన మెషీన్లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామే. ఇది చిన్న తేడా కాదు. ద్వారపాలుణ్ణి అనుమానించినవాడు సర్వర్ అడ్మిన్‌కు ఫోన్ చేస్తూ కూర్చుంటాడు.

అక్కయ్య: నిజమేనండీ. రెండో పాదం ఇలా మారుస్తున్నాను:

నింటిబంటె దాని నెత్తకుండె

పృచ్ఛకుడు: ఇంటి, ఎత్త అచ్చుల యతి చక్కగా పడింది. “వీలుంచ నింటిబంటె” అని సంధీ కలిసింది. ఇప్పుడు ఒప్పు.

మూడో పూరణ (సిస్టమ్ అడ్మిన్ అన్నయ్య)

ఎల్లవారు వచ్చి యిల్లు మార్చగ వీలు
కలుగ నెట్లు నమ్మి భటుడు కాచు
వ్రాత హక్కు తీసి వాకిలి బిగియించి
తలుపు మూసినంత దారి దొరికె

“ఇల్లంటే హోమ్ డైరెక్టరీ, సర్వర్లో మన సొంత ఫోల్డర్. ఫైళ్ళు పంచుకోవడం సులువని ఎవరో 777 (ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు) పెట్టారు. కీ సరిగ్గానే ఉంది, అయినా సర్వర్ రానివ్వదు.”

పృచ్ఛకుడు: నాకు బాగా నచ్చిన భావం ఇదే. ఇక్కడ ఆపేది నిజంగా సర్వరే. స్ట్రిక్ట్ మోడ్స్ అనే నిబంధన మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. ఇంట్లో ఇతరులు రాయగలిగితే, అనుమతించిన కీల జాబితాను ఎవరైనా మార్చి ఉండొచ్చని అది ఆ జాబితానే నమ్మదు. మనకు మాత్రం “పర్మిషన్ డినైడ్” అని ముక్తసరిగా చెబుతుంది. అసలు కారణం సర్వర్ లాగ్‌లో ఉంటుంది: “బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్ ఫర్ డైరెక్టరీ”. లాగ్ చూసే హక్కు లేనివాళ్ళు రోజంతా కీలు మార్చుకుంటూ టెన్షన్ పడేది ఈ చోటే. గ్రూపుకూ ఇతరులకూ రాసే హక్కు తీసేస్తే సరి.

రెండో పాదంలో యతి తప్పింది అన్నయ్యా. “కలుగ”కు నాలుగో గణంలో “భటుడు” కుదరదు. మాటలు అటూ ఇటూ చెయ్యి: “కలుగ నెట్లు నమ్మి కాచు భటుడు”.

అన్నయ్య: మార్చాను గురువుగారూ.

తమ్ముడు: అక్కయ్య గారి పద్యం చూసి కీలుండే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు కూడా 600 పెట్టొచ్చా అండీ?

పృచ్ఛకుడు: వద్దు! ఫోల్డర్‌లోకి అడుగు పెట్టాలంటే ఎగ్జిక్యూట్ హక్కు కావాలి. 600 పెడితే నీ కీ నీకే అందదు. ఫోల్డర్‌కు 700, లోపలి ప్రైవేట్ కీకి 600. ఈ తేడా చెప్పే పూరణ ఇంకా రాలేదు కాబట్టి మొదటి పాదం నేనే ఇస్తున్నాను, నడిమి రెండు పాదాలు మీరు కట్టండి (ఇక్కడ ఇల్లంటే ఆ ఫోల్డరే):

ఏడు సున్న సున్న యింటికి కావలె