పదమూడేళ్ల మేనల్లుడు, 280 గజాల దూరంలో ఎల్క్: ఆపి తప్పు చేశానా?

కొలరాడో_మేనమామ:
పోయిన అక్టోబరు చివర్లో మా అక్క కొడుకుని మొదటిసారి ఎల్క్ (ఇక్కడి కొండల్లో తిరిగే పెద్ద జింక) వేటకు తీసుకెళ్లాను. వాడికి పదమూడేళ్లు, ఇక్కడే పుట్టాడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసయ్యాడు. ఏప్రిల్‌లో వేట లైసెన్సుల డ్రాకి (లాటరీ లాంటిది) అప్లై చేస్తే సెకండ్ రైఫిల్ సీజన్‌కి ఆడ ఎల్క్ లైసెన్స్ వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కొలరాడోలో పన్నెండేళ్లు నిండితే పెద్ద జంతువుల వేటకు లైసెన్స్ ఇస్తారు. పదహారు వచ్చేదాకా పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి, పిల్లాడు కనిపించేంత, మాట వినిపించేంత దగ్గరగా. ఆ పెద్దమనిషిని నేనే.

మీకర్ ఊరి పైన, ఫ్లాట్ టాప్స్ కొండల్లో, తొమ్మిది వేల అడుగుల ఎత్తులో క్యాంపు వేశాం. మొదటి రెండు రోజులు అడుగుజాడలు తప్ప ఏమీ కనపడలేదు. మూడో రోజు సాయంత్రం చీకటి అడవిలోంచి పదకొండు ఆడ ఎల్క్‌లు గడ్డి మైదానంలోకి వచ్చాయి. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో 280 గజాలు. వీడు వేసవంతా ప్రాక్టీస్ చేసింది 150 దాకా. ఎప్పుడైనా 200 గజాలు ప్రయత్నిస్తే పదింటిలో నాలుగు తూటాలు గురి ప్లేటు దాటి బయటికి పోయేవి. పైగా పక్కగాలి విసురుగా ఉంది. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకే కాల్చాలి, ఇంకో ఇరవై నిమిషాలే మిగిలింది. వాడు బ్యాగు మీద రైఫిల్ ఆనించి పడుకుని నా వైపు చూశాడు. నేను రైఫిల్ మీద చెయ్యి వేసి "వద్దురా, ఇంకొంచెం దగ్గరకి పోదాం" అన్నాను.

పోలేకపోయాం. పొద్దుగూకితే కొండ మీద గాలి చల్లబడి కిందికి జారుతుందని నాకు తెలుసు, అయినా తొందరలో పైనుంచే దిగాను. మా వాసన నేరుగా వాటికి వెళ్లింది. ముందున్న ముసలి ఆడది తల ఎత్తి ఒక్కసారి మొరిగింది. అంతే, అన్నీ అడవిలోకి వెళ్లిపోయాయి. నాలుగో రోజు మంచు పడింది. వేటాడిన జంతువుకి కట్టాల్సిన లైసెన్స్ ట్యాగ్ ఖాళీగానే ఇంటికి తెచ్చుకున్నాం.

క్యాంపులో ఉన్న స్నేహితుడు "ఆ రైఫిల్‌కి 280 ఒక దూరమా? పిల్లాడి మొదటి ఎల్క్‌ని నువ్వే పోగొట్టావు" అన్నాడు. మా అక్క ఇంకోలా అంది: "అసలు వాడి చేతికి తుపాకీ ఎందుకిచ్చావురా?" రెండు మాటలూ నిద్ర పట్టనివ్వడం లేదు. ఇక్కడ వేటకు వెళ్లేవాళ్లూ ఉన్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు. మనసులో మాట చెప్పండి.

గుంటూరు_అమ్మమ్మ:
బాబూ, నేను మీ అక్క వైపే. మన దేశంలో 1972 చట్టం వచ్చాక వేట నేరమైంది. మా పిల్లలు దుప్పిని జూలో చూసి ముద్దుగా చేతులు చాచారు. మీరు ఆపినందుకు సంతోషం. కానీ మీరు ఆపింది దూరం ఎక్కువని, ప్రాణం పోతుందని కాదు. ఇంట్లో ఫ్రిజ్ నిండా తిండి ఉన్న పిల్లాడికి చంపడం ఎందుకు నేర్పాలి? ఆ వయసులో మనసు మీద పడిన ముద్ర చెరగదు. ఇది కోపంతో రాయడం లేదు, మా మనవడికి కూడా పదమూడే.

బోజ్‌మన్_నుంచి:
మోంటానాలో పదిహేనేళ్లుగా ఎల్క్ వేటకు వెళ్తున్నాను, మా ఇద్దరు అమ్మాయిల్నీ తీసుకెళ్లాను. అన్నా, ఆ సాయంత్రం మీరు ఆపడం సరైనదే. తప్పు జరిగింది జులైలో. రేంజ్‌లో బల్ల మీద కూర్చుని 150 గజాలు కాల్పించారు, అవునా? కొండ మీద బల్ల ఉండదు. ఊపిరి ఎగపోస్తూ ఉంటుంది, గుండె చెవుల్లో కొట్టుకుంటుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. మా పిల్లల్ని వంద గజాలు పరిగెత్తించి, వెంటనే షూటింగ్ స్టిక్స్ (రైఫిల్ ఆనించే కర్రలు) మీద రైఫిల్ పెట్టి కాల్పించేదాన్ని. కూర్చుని, మోకాలి మీద, బ్యాగు మీద, చెట్టుకు ఆనుకుని. అలా చేస్తే ఎవరి దూరం ఎంతో వాళ్లకే తెలిసిపోతుంది.

ఇంకో మాట. రైఫిల్ మీద చెయ్యి వేయకండి. వేలు ట్రిగ్గర్ దగ్గర ఉండొచ్చు, అది ప్రమాదం. పైగా నిర్ణయం వాడిది కాకుండా పోతుంది. బయల్దేరే ముందే దూరం అనుకుని ఉంటే ఆ గొడవే లేదు.

ప్యుబ్లో_తండ్రి:
280 దూరమే కాదన్న ఆ స్నేహితుడికి ఇది చూపించండి.

మా అబ్బాయికి అప్పుడు పన్నెండు. 250 గజాలు. నేను "కాల్చరా" అన్నాను, వాడు కాల్చాడు. తూటా గురి కన్నా వెనగ్గా, పొట్టలో తగిలింది. ఎల్క్ ఒక్కసారి వంగి, నడుచుకుంటూ చెట్లలోకి పోయింది. పొట్టలో తగిలితే గంటలు ఆగాలి, వెంటనే వెంబడిస్తే మైళ్లు పోతుంది. అది తెలుసు కాబట్టి ఆగాం. చీకటి పడింది. రాత్రి లాంతర్లతో మంచు మీద రక్తం చుక్కలు వెతికాం. ఒక చోట ఆగిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం దొరికింది. కోయోట్లు (నక్కల్లాంటి జంతువులు) వెనక భాగం తినేశాయి. మిగిలింది తోలు లోపల వేడికే చెడిపోయింది. ఎల్క్ తోలు, బొచ్చు అంత మందం, ఒలిచి కాళ్లు విడదీసి చల్లార్చకపోతే బయట చలిలో కూడా లోపల కుళ్లుతుంది. ఆడ ఎల్క్ అంటే రెండు వందల కిలోలకు పైనే ఉంటుంది. ఒక కుటుంబానికి ఏడాది మాంసం అది.

మావాడు దాని పక్కన కూర్చుని లేవలేదు. ఇప్పుడు కాలేజీకి వచ్చాడు, మళ్లీ రైఫిల్ ముట్టుకోలేదు. ఆ మాట అన్నది నేను, మోస్తున్నది వాడు.

పక్కగాలి గంటకు పది మైళ్లుంటే 280 గజాల్లో తూటా అయిదారు అంగుళాలు పక్కకు జరుగుతుంది. ఊపిరితిత్తుల చోటు పెద్ద పళ్లెమంత. లెక్క మీరే వేసుకోండి. మీరు పోగొట్టింది ఏమీ లేదు.

ఎస్టెస్_పార్క్_దగ్గర:
గుంటూరు అమ్మమ్మ గారికి ఒక్క విషయం. ఈ కొండల్లో వందేళ్ల కింద ఎల్క్ దాదాపు లేకుండా పోయింది. అమ్మకానికి విచ్చలవిడిగా కాల్చి చంపేశారు. 1913, 1914లలో యెల్లోస్టోన్ నుంచి తెచ్చి ఎస్టెస్ పార్క్ దగ్గర వదిలారు. ఇప్పుడు కొలరాడోలో రెండున్నర లక్షలకు పైనే ఉన్నాయి, ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఆ పనికి డబ్బు ఎక్కువగా వచ్చింది వేట లైసెన్సుల నుంచి, 1937 చట్టం వన్యప్రాణుల కోసం మళ్లించిన తుపాకుల, తూటాల పన్ను నుంచి. 2022-23 చలికాలం వాయవ్య కొలరాడోలో మంచు విపరీతంగా పడి ఎల్క్‌లు, జింకలు చాలా చచ్చిపోతే వెంటనే లైసెన్సులు తగ్గించారు. అడ్డూ అదుపూ లేని చంపడం కాదిది.

గుంటూరు_అమ్మమ్మ:
మంచి సంగతి చెప్పావు నాయనా, నాకు తెలియదు. మందను కాపాడటానికి లైసెన్స్ డబ్బు కావాలంటే ఒప్పుకుంటాను. కానీ నేనడిగింది మంద గురించి కాదు, పిల్లాడి గురించి. పైన ప్యుబ్లో నాన్న రాసింది చదివి చాలాసేపు ఊరుకున్నాను. ఆ బిడ్డకి ఏం చెబుతారు, ఎల్క్‌లు రెండున్నర లక్షలున్నాయనా?

ప్యుబ్లో_తండ్రి:
అమ్మా, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. క్షమించమని అడిగాను. అంతే.

కొత్తగా_డెన్వర్:
చర్చ మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఇలా వెళ్లొచ్చా? ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

బోజ్‌మన్_నుంచి:
జాగ్రత్త. హెచ్1బీ, హెచ్4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్ సరదాగా ఒక్కసారి పట్టుకున్నా అదే చట్టం. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

కొలరాడో_మేనమామ:
అందరికీ థ్యాంక్స్. ప్యుబ్లో అన్నా, మీరు రాసింది మా అక్కకి, బావకి చదివి వినిపించాను. బోజ్‌మన్ అక్కా, బల్ల సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను.

నిన్న వాడితో మాట్లాడాను. క్యాంపు నుంచి ఇంటికొచ్చాక మేమిద్దరం దాని ఊసే ఎత్తలేదు. "నా మీద కోపమా?" అని అడిగాను. కాసేపు ఊరుకుని అన్నాడు: "మామయ్యా, స్కోపులో అది ఊగుతూనే ఉంది. కాల్చకూడదని నాకూ అనిపించింది. కానీ నువ్వు అంత కష్టపడి తీసుకొచ్చావు కదా, వద్దంటే నువ్వు ఫీలవుతావని..." నేను చెయ్యి వేయకపోయి ఉంటే నా కోసం కాల్చేసేవాడు. ఆ రాత్రి క్యాంపులో వాడు ఏడ్చింది ఎల్క్ పోయినందుకు కాదట, నన్ను నిరాశపరిచానని.

ఇన్ని రోజులూ వాణ్ని ఆపడం తప్పా ఒప్పా అని ఆలోచించాను గానీ, "నీకు ఎలా ఉందిరా?" అని ఆ బ్యాగు పక్కన పడుకుని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే సరిపోయేది.

అమ్మమ్మ గారూ, మీ ప్రశ్న వాడికే వేశాను. మళ్లీ రావాలని ఉందా, మానేద్దామా, ఏదైనా పర్వాలేదు అన్నాను. ఒక వారం టైమ్ అడిగాడు. ఇచ్చాను.

గుంటూరు_అమ్మమ్మ:
వాడేం చెప్పినా నాకు రాయి బాబూ.

కొలరాడో_మేనమామ:
వారం అయింది. వస్తానన్నాడు. మా అక్కకి ఇంకా ఇష్టం లేదు, కానీ వాణ్ని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడి ఒప్పుకుంది. నిన్న స్టిక్స్ మీద, పరిగెత్తి వచ్చి, ఇరవై రౌండ్లు కాల్చాడు. చివరికి తుపాకీ మడమ మీద తెల్ల టేపు అంటించి, తనే పెన్నుతో 120 అని రాసుకున్నాడు. నేను 150 రాస్తాడనుకున్నాను.