క్యాన్సర్ తగ్గాక అన్నయ్యకు మతిమరుపు: హెచ్‌ఐవీ వల్లనా, కీమో వల్లనా?

ప్రశ్న (మలక్‌పేట నుంచి):
మా అన్నయ్యకు 54 ఏళ్లు. పదహారేళ్లుగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాడు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పరీక్షకు అందనంత తక్కువగానే ఉంటోంది. రెండేళ్ల క్రితం లింఫోమా (శోషరస కణాల క్యాన్సర్) వస్తే ఆరు విడతలు కీమో ఇచ్చి, వెన్నులోకి కూడా మందు ఎక్కించారు. ఇప్పుడు క్యాన్సర్ లేదంటున్నారు. అయితే నాలుగు నెలలుగా మనిషి బాగా నెమ్మదించాడు. మొన్న అమీర్‌పేటలో చెల్లెలింటికని మెట్రో ఎక్కి, మియాపూర్ దాకా పోయి, స్టేషన్ మెట్లమీద కూర్చుని నాకు ఫోన్ చేశాడు. క్యాన్సర్ డాక్టరుగారిని అడిగితే హెచ్‌ఐవీ వల్ల అన్నారు, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కీమో వల్ల కావచ్చన్నారు. ఇది మతి క్షీణించే డిమెన్షియా జబ్బేనా?

జవాబు 1:
నేను నాడీ వైద్య విభాగంలో పనిచేస్తాను. ఇద్దరి మాటా నిజం కావచ్చు, కానీ ఎవరికి వారు పక్కవారి వైపు చూపించడం నాకు నచ్చలేదు. హెచ్‌ఐవీ ఒంట్లో ప్రవేశించిన తొలి వారాల్లోనే మెదడుకు చేరుతుంది. మందులు రక్తంలో దాన్ని అణచివేసినా, మెదడులో సన్నని వాపు కొనసాగవచ్చు. 1996 నుంచి మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక తీవ్రమైన డిమెన్షియా బాగా తగ్గింది గానీ, తేలికపాటి ఇబ్బందులు మిగిలాయి, ముఖ్యంగా చికిత్స మొదలయ్యేనాటికే సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగా పడిపోయినవారిలో. అలాంటి మెదడుకు కీమో తోడైతే, వెన్నులోకి ఎక్కించినది మెథోట్రెక్సేట్ అనే కీమో మందు అయితే మరీ, ఆలోచన మందగించే అవకాశం ఉంటుంది.

అయినా నాలుగు నెలల్లో వచ్చిన మార్పుకు డిమెన్షియా అని పేరు పెట్టేముందు ఎంఆర్‌ఐ తీయించాలి, ఎందుకంటే లింఫోమా మెదడులో తిరగబెట్టినా, టాక్సోప్లాస్మా (ఒక పరాన్నజీవి) వంటి ఇన్‌ఫెక్షన్ సోకినా ఇలాగే మొదలవుతుంది. బీ12, థైరాయిడ్, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించండి. రక్తంలో కనబడని వైరస్ వెన్నునీటిలో పెరిగే సందర్భాలు అరుదుగా ఉన్నాయి కాబట్టి ఆ సంగతీ అడగండి. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఒక చిన్న పరీక్ష ఉంది: నాలుగు మాటలు చెప్పి కాసేపయ్యాక అడుగుతారు, బొటనవేలినీ చూపుడువేలినీ అయిదు సెకన్లపాటు వేగంగా తాటించమంటారు, చేతిని వరుసగా మూడు భంగిమల్లో తిప్పమంటారు. మొత్తం 12 మార్కులకు 10 లేదా అంతకంటే తక్కువ వస్తే లోతుగా చూడాలి. మామూలు జ్ఞాపకశక్తి పరీక్ష ఈ నెమ్మదితనాన్ని తరచుగా పట్టుకోలేదు.

జవాబు 2:
నేనూ పదకొండేళ్లుగా ఈ మందుల మీదే ఉన్నాను. కీమో అయ్యాక నాకు మతిమరుపు అనుకున్నది చాలావరకు దిగులే అని తేలింది, మందులతో తగ్గింది. మీ అన్నయ్యగారు డోల్యుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్ర వాడుతుంటే, కాల్షియం, ఐరన్ మాత్రలను పరగడుపున దానితో కలిపి వేసుకోకూడదు. దానికి రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో వేసుకోవాలి, లేదా రెండింటినీ భోజనంతో కలిపి వేసుకోవచ్చు. మరిచిపోయేవారికి ముందు మరపుకు వచ్చేది మాత్రే అని మా ఆవిడ అంటుంది. సీసా ఒకసారి చూడండి.

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే చూశాను. ముప్పై మాత్రల సీసా తెరిచి ఇవాళ్టికి ఇరవై రెండో రోజు, లోపల పదిహేడు ఉన్నాయి. వదిన రోజూ గుర్తుచేస్తూనే ఉందట, ఆయన "వేసుకున్నాను" అంటున్నాడట. సోమవారం సీసానూ, క్యాన్సర్ ఫైలునూ రెండు చోట్లకీ పట్టుకెళ్తాను.