అప్‌డేట్: డాలస్ నుంచి బెర్లిన్ వచ్చాక మూడు నెలలు

మీ అందరికీ చాలా థాంక్స్. ఇరవై ఏళ్లు డాలస్‌లో ఉండి మావారి ఉద్యోగం కోసం బెర్లిన్ వచ్చాం, కారు లేదు, ఆదివారం షాపులు ఉండవు, అద్దె ఇంట్లో వంటగదే లేదు, ఎలా అని అడిగింది నేనే.

వంటగది సంగతి ముందు. గోడలోంచి రెండు పైపులు, ఒక కరెంటు వైరు, అంతే ఉండేది. మీరన్నట్టే ఇల్లు ఖాళీ చేస్తున్న వాళ్ల దగ్గర సింకు, అల్మారాలు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మొదటిరోజు పప్పుచారు పెట్టినప్పుడు నాకు ఏడుపొచ్చేసింది.

ఇక్కడ ఇల్లు మారిన 14 రోజుల్లో ప్రభుత్వ ఆఫీసుకెళ్లి చిరునామా నమోదు చేయించాలి కదా, అపాయింట్‌మెంట్ దొరక్క ఎంత టెన్షన్ పడ్డానో. రోజూ పొద్దున్నే ఆన్‌లైన్‌లో చూస్తుంటే ఎవరో క్యాన్సిల్ చేసిన స్లాట్ దొరికింది.

ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్ బాటిల్ కొన్నప్పుడు డిపాజిట్‌గా కట్టిన 25 సెంట్లు, ఖాళీ బాటిల్ షాపులోని మెషీన్‌లో వేస్తే వెనక్కి వస్తాయి, కానీ నలపకూడదు, లేబుల్ మీద గీతలు చదవలేకపోతే మెషీన్ తిప్పి పంపేస్తుంది. పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకుంటున్నాం, మరీ అవసరమైతే ఆదివారం కూడా సెంట్రల్ స్టేషన్‌లో సూపర్‌మార్కెట్ తెరిచే ఉంటుంది.

కారు లేదన్న బెంగ పోయింది. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడటం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది.