అభిశంసన అంటే ఆరోపణా, పదవీచ్యుతా?

ప్రశ్న వేసినవారు:
2021 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ డొనాల్డ్ ట్రంప్‌ను రెండోసారి అభిశంసించింది. ఈ వార్త చదివి, ఆయనను రెండుసార్లు పదవి నుంచి దింపేశారని అనుకున్నవారు చాలామందే ఉన్నారు. అభిశంసన అంటే అధికారిపై అధికారికంగా తప్పు మోపడమా, లేక అతణ్ణి తొలగించడమా? ఆధారాలతో చెప్పగలిగినవారు చెప్పాలని కోరుతున్నాను.

న్యాయ విద్యార్థి:
తప్పు మోపడమే. అభిశంసన అన్న సంస్కృత పదానికే ఆరోపణ, నింద అనే అర్థాలున్నాయి. నింద పడినవాణ్ణి అభిశస్తుడంటారు. తీర్పు వెలువడిందనే భావం ఈ మాటలో ఎక్కడా లేదు.

చరిత్ర చెప్పేదీ ఇదే. అమెరికాలో ఆరోపణలను ఖరారు చేసేది ప్రతినిధుల సభ, విచారణ జరిపేది సెనేట్. హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది దోషి అని తేల్చితేనే పదవి పోతుంది. 1868లో ఆండ్రూ జాన్సన్ అభిశంసనకు గురయ్యారు. సెనేట్‌లో ఆయనకు వ్యతిరేకంగా 35, అనుకూలంగా 19 ఓట్లు పడ్డాయి. కావలసినవి 36 కనుక, ఒక్క ఓటు తేడాతో పదవి నిలిచి, పదవీకాలం పూర్తయ్యేదాకా ఆయనే అధ్యక్షుడిగా కొనసాగారు. 1974లో రిచర్డ్ నిక్సన్ విషయంలో జరిగింది దీనికి తలకిందులు. సభ ఓటు వేయకముందే ఆయన రాజీనామా చేశారు కాబట్టి, పదవి పోయినా అభిశంసన మాత్రం జరగలేదు.

అంతకంటే గట్టి ఉదాహరణ వారెన్ హేస్టింగ్స్‌ది. ఆయన 1785లోనే గవర్నర్ జనరల్ పదవి వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఆయనను అభిశంసించాలని కామన్స్ సభ నిర్ణయించింది 1787లో. ప్రభువుల సభలో 1788లో మొదలైన విచారణ 1795లో నిర్దోషి అన్న తీర్పుతో ముగిసింది. తొలగించడానికి పదవే లేని మనిషిని అభిశంసించారంటే, ఆ మాటకు తొలగింపు అన్న అర్థం ఎలా అతుకుతుంది?

పాత్రికేయుడు:
న్యాయ విద్యార్థి గారూ, మీ ఉదాహరణలు సరైనవే, కానీ అవన్నీ పరాయి దేశాలవి. మన రాజ్యాంగం 56వ అధికరణం, రాజ్యాంగాన్ని ఉల్లంఘించిన రాష్ట్రపతిని అభిశంసన ద్వారా పదవి నుంచి తొలగించవచ్చునని చెబుతోంది. అంటే ఆరోపణ మొదలు తొలగింపు దాకా సాగే మొత్తం ప్రక్రియకు అది పెట్టిన పేరే అభిశంసన. ఆ ప్రక్రియను 61వ అధికరణం వివరిస్తుంది: ఒక సభ మొత్తం సభ్యుల్లో కనీసం నాలుగో వంతు మంది సంతకాలతో 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ సభ మొత్తం సభ్యత్వంలో మూడింట రెండు వంతుల ఆధిక్యంతో ఆరోపణను ఆమోదించాలి, తరువాత రెండో సభ దర్యాప్తు జరిపి, ఆరోపణ రుజువైందని అంతే ఆధిక్యంతో తీర్మానిస్తే, ఆ రోజు నుంచే రాష్ట్రపతి పదవి పోతుంది. ఇక్కడి పాఠకుడు ఆ మాటను తొలగింపుతో ముడిపెడితే, తప్పు అతనిదని అనలేం.

న్యాయ విద్యార్థి:
రాష్ట్రపతి విషయంలో మీరు చెప్పింది నిజం. అయితే ఇంతవరకు ఏ రాష్ట్రపతీ అభిశంసనకు గురికాలేదు. మన పత్రికల్లో ఈ మాట ఎక్కువగా కనిపించేది న్యాయమూర్తుల వార్తల్లో. వారి విషయంలో రాజ్యాంగం అభిశంసన అననే లేదు. రుజువైన దుష్ప్రవర్తన లేదా అసమర్థత కారణంగా, ఉభయ సభల విన్నపం మీద రాష్ట్రపతి ఉత్తర్వుతో తొలగించవచ్చునని మాత్రమే 124వ అధికరణం అంటుంది. 1993లో జస్టిస్ వి. రామస్వామిపై వచ్చిన తీర్మానానికి లోక్‌సభలో 196 మంది అనుకూలంగా ఓటు వేశారు; వ్యతిరేకంగా ఒక్కరూ వేయలేదు; 205 మంది ఓటింగుకు దూరంగా ఉండటంతో, కావలసిన ఆధిక్యం రాక అది వీగిపోయింది. 2011లో జస్టిస్ సౌమిత్ర సేన్‌పై తీర్మానాన్ని రాజ్యసభ ఆమోదించాక, లోక్‌సభకు వెళ్లకముందే ఆయన రాజీనామా చేశారు. ఆయనను ‘అభిశంసించబడిన న్యాయమూర్తి’ అని రాస్తే, పాఠకుడికి ఏది జరిగిందని అర్థం కావాలి? మనిషి పరువుకు సంబంధించిన మాటను ఇంత వదులుగా వాడటం నాకు బాధ కలిగిస్తుంది.

భాషాభిమాని:
ఇంకో చిక్కు కూడా ఉంది. మంత్రినో ప్రభుత్వాన్నో సభ మందలించే తీర్మానాన్ని కూడా మన పత్రికలు అభిశంసన తీర్మానమనే రాస్తున్నాయి. దానితో ఎవరి పదవీ తనంతట తాను పోదు. హిందీవారికి మహాభియోగం అన్న వేరు మాట ఉంది. అభియోగం మనకూ తెలిసిన మాటే కనుక, దాన్ని తీసుకుంటే ఇది ఆరోపణేనని వెంటనే తెలుస్తుంది.

పాత్రికేయుడు:
ఇన్నేళ్లుగా స్థిరపడిన మాటను ఇప్పుడు మార్చడం కష్టం. పైగా మాట మార్చినా సమస్య తీరదు. దక్షిణ కొరియాలో జాతీయ సభ అభిశంసించిన వెంటనే అధ్యక్షుడి అధికారాలు నిలిచిపోతాయి. తుది నిర్ణయం రాజ్యాంగ న్యాయస్థానానిది. 2004లో ఆ న్యాయస్థానం రోహ్ మూ హ్యున్‌కు అధికారాలు తిరిగి ఇచ్చింది. 2017లో పార్క్ గున్ హేను తొలగించింది. అక్కడ అభిశంసన కేవలం ఆరోపణా కాదు, తొలగింపూ కాదు.

న్యాయ విద్యార్థి:
అందుకే అభిశంసన అన్న మాట పక్కనే, ఏం జరిగిందో కూడా రాయమంటున్నాను. ‘సభ అభిశంసించింది, అధికారాలు నిలిచిపోయాయి, న్యాయస్థానం తేల్చవలసి ఉంది’ అని రాయడానికి ఒక పంక్తి కంటే ఎక్కువ చోటు పట్టదు.