ల్యాప్‌టాప్‌ల పాటలు ట్యాబ్‌లకు ఎక్కుతలేవు

ప్రశ్న, హన్మకొండ నుంచి:
అన్నలూ, విండోస్ ల్యాప్‌టాప్‌ల 600 బతుకమ్మ, జానపద పాటలున్నయ్, అన్నీ ఎంపీ3. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కు కేబుల్ పెడితే ఛార్జింగ్ అయితంది గని, ‘దిస్ పీసీ’ల ట్యాబే కనవడ్తలేదు. ఏం జెయ్యాలె?

జవాబు:
ముందుగాల కేబుల్ మార్చు తమ్మీ. కొన్ని కేబుళ్లల్ల కరెంటు తీగలే ఉంటయ్, డేటా తీగలుండయ్. తర్వాత ట్యాబ్ లాక్ తీసి, పైనుంచి కిందికి గుంజు. యూఎస్‌బీ నోటిఫికేషన్ నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ పెట్టు. ఇది పెట్టకపోతే ట్యాబ్ ఛార్జింగ్ మీదనే ఉంటది. లాక్ తియ్యకుంటే ఫోల్డర్ ఖాళీగ కనవడ్తది. పాటలు ‘మ్యూజిక్’ ఫోల్డర్ల వెయ్. 600 ఒక్కసారే వెయ్యకు, నడుమ ఆగితే ఏది ఎక్కిందో తెల్వది. 100 చొప్పున కాపీ చెయ్, కట్ చెయ్యకు.

ఇంకో జవాబు:
జాగ సూసుకో. 5 నిమిషాల పాట 128 కేబీపీఎస్‌ల (సెకనుకు ఎంత డేటా అని చెప్పే కొలత) అయితే 4.8 ఎంబీ, 320ల అయితే 12 ఎంబీ. అంటే 600 పాటలకు 7.2 జీబీ దాకా.

ప్రశ్న అడిగినాయన:
కేబుల్ మార్చంగనే కనవడ్డది, పాటలు ఎక్కినయ్. గని ప్లేయర్ల కొన్ని పేర్లు ‘????’ అని వస్తున్నయ్.

జవాబు:
ఫైల్ పేరు కాదు, లోపలి ట్యాగ్ (ఫైల్ల పాట పేరు రాసి ఉండే జాగ) ఖరాబైంది. పాత ఐడీ3వీ1 ట్యాగ్‌ల తెలుగు అక్షరాలు పట్టయ్. ల్యాప్‌టాప్‌ల ట్యాగ్‌లు మార్చే ‘ఎంపీ3ట్యాగ్’ సాఫ్ట్‌వేర్ తెరిచి పేరు తెలుగుల మళ్ల కొట్టి, తెలుగు అక్షరాలు పట్టే ఐడీ3వీ2.3 యూటీఎఫ్-16 కింద సేవ్ చేసి, ఆ పాటలే మళ్ల కాపీ చెయ్. ప్రశ్న గుర్తులైన అక్షరాలు వాటంతటవి తిరిగి రావు, చేత్తోనే కొట్టాలె.